కువైట్‌కు కాపురం: జీతం అడ్డం, కాగితం అడ్డం

రాజంపేట: కువైట్‌లో పని చేసే భర్త దగ్గరికి పెళ్లాంబిడ్డలు పోయి కాపురం పెట్టడం పదేళ్ల క్రితం ఈ ప్రాంతంలో అంత అరుదైన సంగతి కాదు. చిన్న కంపెనీలో గుమాస్తాగానో, మెకానిక్‌గానో కుదురుకున్నవాడు నాలుగు రాళ్లు వెనకేసుకుని, రెండు గదుల ఇల్లు చూసుకుని, ఇంటిదాన్ని పిలిపించుకునేవాడు. ఇప్పుడా పని గగనమై కూర్చుంది. అయినా రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు వైపు పల్లెల్లో ఫ్యామిలీ వీసా ఇప్పిస్తామని తిరిగే ఏజెంట్లకు మాత్రం కొదవ లేదు. వారి మాట నమ్మి పొలం తాకట్టు పెట్టేముందు, అక్కడి నిబంధన ఏమిటో, ఇక్కడి కాగితం ఏమిటో తెలుసుకోవడం అవసరం.

కువైట్ ప్రభుత్వం కుటుంబాన్ని తెచ్చుకునేందుకు జీతం హద్దు పెట్టింది. మొదట నెలకు 250 దీనార్లు ఉంటే చాలనేవారు. 2016లో దాన్ని 450కి పెంచారు. 2019లో 500 చేశారు. 2022లో కుటుంబ వీసాలను దాదాపుగా నిలిపివేసి, 2024 జనవరి చివర్లో తిరిగి తలుపు తెరిచారు. తెరిచారన్న మాటే గాని, గడప ఎత్తు 800 దీనార్లకు పెరిగింది. పైగా డిగ్రీ చదివి, ఆ చదువుకు తగిన ఉద్యోగంలోనే ఉండాలన్నారు. డిగ్రీ షరతును అదే ఏడాది సడలించారు. జీతం షరతును సడలించలేదు.

800 దీనార్లంటే మన లెక్కన రెండు లక్షల రూపాయలకు పైమాటే. అక్కడ ప్రైవేటు కంపెనీ పనివానికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస జీతం 75 దీనార్లు. ఇంటి పనివారికి 2016లో నిర్ణయించింది 60. ఈ ప్రాంతం నుంచి పోయిన ఇంటి డ్రైవరుకు పాత అనుభవం చూసి నూటయాభై ఇచ్చినా అది 800లో అయిదో వంతు కూడా కాదు. ఇంత తేడాను ఏ ఏజెంటూ పూడ్చలేడు. జీతం ఎక్కువ ఉన్నట్టు కాగితం పుట్టించి వీసా తెప్పిస్తామనేవారు లేకపోలేదు. కాని జీతం బ్యాంకు ద్వారా పడాలి, పనిచేసే అనుమతి పత్రంలో అదే అంకె ఉండాలి. ఆ రెండూ సరిపోలనప్పుడు పట్టుబడేది ఏజెంటు కాదు.

ఖాదిం వేరు, షూన్ వేరు

మన పల్లెల్లో ఖాదిం వీసా అనేది అక్కడి చట్టంలో 20వ ఆర్టికల్. ఇంటి పని, వంట, తోట, ఇంటి కారు నడపడం దీని కిందికి వస్తాయి. షూన్ వీసా అనేది 18వ ఆర్టికల్. కంపెనీల్లో పని చేసేవారికి ఇచ్చేది. భార్యాబిడ్డలకు ఇచ్చేది 22వ ఆర్టికల్. ఖాదిం మీద ఉన్నవానికి జీతం ఎంత ఉన్నా కుటుంబాన్ని పిలిపించుకునే దారి లేదు. ఈ ప్రాంతం నుంచి పోయినవారిలో అధికభాగం ఖాదింలే కాబట్టి, ఫ్యామిలీ వీసా మాట వారికి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. 2024లో జూలై నుంచి సెప్టెంబరు వరకు రెండు నెలలు ఖాదింలు షూన్‌కు మారేందుకు అవకాశం ఇచ్చారు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అది ఇంకా ఉన్నట్టు చెప్పి డబ్బు గుంజే వారి విషయంలో జాగ్రత్త పడాలి.

మరి ఏజెంట్లు ఫ్యామిలీ వీసా అని దేన్ని అమ్ముతున్నారు? విచారిస్తే తేలేది ఒకటే. మొగుడికి ఒక ఖాదిం వీసా, పెళ్లానికి మరో ఇంట్లో ఇంకో ఖాదిం వీసా. ఇద్దరూ ఒకే విమానం ఎక్కవచ్చు. దిగిన తర్వాత ఆయన కఫీల్ వేరు, ఆమె కఫీల్ వేరు. ఆమెకు సెలవు దొరికిన శుక్రవారం మాలియా సెంటర్లో గంటో రెండు గంటలో కలిసి, ఎవరి ఇంటికి వారు పోవడమే. ఇంటి పనివారికి వారానికొక రోజు సెలవు ఇవ్వాలని, పని పన్నెండు గంటలు మించరాదని 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. ఆ సెలవు నాడు గడప దాటనిచ్చే ఇల్లు దొరకడం మాత్రం ఎవరి అదృష్టం వారిది. బిడ్డలు అవ్వాతాతల దగ్గర ఊళ్లోనే. దీనిని కాపురం మార్చడం అనడానికి లేదు. ఉన్న కాపురాన్ని మూడు ముక్కలు చేయడమే.

ఈ రకం ప్రయాణంలో ఆడవారికి మరో చిక్కు ఉంది. పదో తరగతి ప్యాసు కాని వారి పాస్‌పోర్టుపై వలస అనుమతి తప్పనిసరి అన్న గుర్తు ఉంటుంది. అలాంటి స్త్రీ గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ముప్పై ఏళ్లు నిండాలి. 2016 నుంచి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం నియమం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటి సంస్థలే. ఈ నియమం తప్పించుకోవడానికి ఇరవై ఆరేళ్ల పిల్లకు ముప్పై రెండేళ్లని రాయించి పాస్‌పోర్టు తీయించడం, విజిట్ వీసా మీద దుబాయి పంపి అక్కడి నుంచి దాటించడం ఇక్కడ తెలియని సంగతి కాదు. ఆ దొంగ వయసు ఆ ఒక్క ప్రయాణంతో పోయేదైతే బాగుండేది. అది జీవితాంతం వెంటాడుతుంది.

పేరు ఒకటి, ఊరు ఒకటి

ఇప్పుడు నిజంగానే జీతం అర్హత ఉన్నవారి సంగతి. నర్సులు, టెక్నీషియన్లు, కంపెనీల్లో పైమెట్టు ఎక్కిన అకౌంటెంట్లు, ఇంజనీర్లు ఈ ప్రాంతం నుంచి కూడా కొందరున్నారు. వీరికి అడ్డం పడేది కువైట్ కాదు, సొంత ఊరి కాగితాలే.

మొదటిది పేర్ల గొడవ. తల్లి పేరు ఆధార్‌లో ఒక తీరు, పాస్‌పోర్టులో ఒక తీరు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్లో మరో తీరు ఉండడం మన దగ్గర మామూలే. లక్ష్మీదేవి ఒక చోట లక్షుమ్మ అవుతుంది. ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరం, మరో చోట పూర్తి మాట, ఇంకో చోట అసలు ఉండదు. ఊళ్లో ఎవరూ దీన్ని పట్టించుకోరు. వీసా గుమాస్తాకు మాత్రం లక్ష్మీదేవి, లక్షుమ్మ ఇద్దరు వేర్వేరు మనుషులు. బిడ్డ తల్లి ఒకరు, భార్య ఇంకొకరు అని అర్థం. దుబాయి ప్రభుత్వమైతే 2022 నవంబరు నుంచి, ఇంటిపేరు లేక ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసాపై వచ్చేవారిని రానివ్వడం లేదు. పైన చెప్పిన దొంగ వయసు ఇక్కడే బయటపడుతుంది. తల్లి పుట్టిన సంవత్సరానికీ, బడి సర్టిఫికెట్‌కూ పొంతన కుదరదు. దిద్దించబోతే పాస్‌పోర్టు ఆఫీసు జరిమానా, విచారణ.

రెండోది బిడ్డల పుట్టుక. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన బిడ్డలకు పాస్‌పోర్టు కావాలంటే జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం. అంతకు ముందు పుట్టినవారికి బడి సర్టిఫికెట్ వంటివి చెల్లినా, వీసా కోసం ఎలాగూ జనన పత్రమే అడుగుతారు. ఇంట్లో కాన్పు అయి పంచాయతీలో రాయించని పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఏడాది దాటితే గుమాస్తా చేతిలో పని కాదు, అధికారి ఉత్తర్వు కావాలి. ఇది నెలల తరబడి సాగే పని. వీసా వచ్చాక చూద్దామని వదిలేసినవారు వీసా గడువు కరిగిపోతుంటే మండలాఫీసు చుట్టూ తిరుగుతూ లబోదిబోమంటున్నారు.

మూడోది పెళ్లి కాగితం. గుళ్లో తాళి కట్టిన ఫొటో, శుభలేఖ అక్కడ చెల్లవు. సబ్‌రిజిస్ట్రారు దగ్గర నమోదు కావాలి. ఉర్దూలో ఉన్న నికానామాను అలాగే పట్టుకుపోతే కుదరదు, ఇంగ్లీషు పత్రం తీసుకోవాలి. తర్వాత ఈ పెళ్లి పత్రం, బిడ్డల జనన పత్రాలు ముద్రల యాత్ర చేయాలి. మొదట రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఢిల్లీలోని కువైట్ రాయబార కార్యాలయం ముద్ర, చివరకు కువైట్‌లో అక్కడి విదేశాంగ శాఖ ముద్ర. సౌదీ వారికి ఈ యాత్ర కొంత తగ్గింది. ఆ దేశం 2022 డిసెంబరులో అపోస్టిల్ ఒప్పందంలో చేరడంతో విదేశాంగ శాఖ అంటించే ఒక్క చీటీ సరిపోతోంది. ముద్రల పేరిట ఏజెంట్లు అడిగే మొత్తానికి అంతు లేదు. ఏ ముద్రకు ఎంత, రసీదు ఏది అని అడిగిన వారి దగ్గర తగ్గిస్తారు, అడగని వారి దగ్గర పెంచుతారు. అసలు రుసుం కంటే కమీషనే ఎక్కువ అనే ఆరోపణలో అబద్ధం లేదు.

ఉద్యోగం ఇప్పించే లైసెన్సుదారు ఏజెంటు పనివాని దగ్గర తీసుకోదగిన రుసుం 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ మాత్రమేనన్నది కేంద్ర నిబంధన. లక్ష, లక్షన్నర ఇచ్చుకున్నవారికి రసీదు చేతిలో ఉండదు. కాబట్టి ఫిర్యాదూ ఉండదు.

వైద్య పరీక్ష గురించి ఒక్క మాట. పని వీసాకు ఊపిరితిత్తుల ఎక్స్‌రే, కామెర్ల వైరస్, ఎయిడ్స్ పరీక్షలు తప్పవు. ఎప్పుడో క్షయ వచ్చి నయమైనవారికి కూడా ఎక్స్‌రేలో మచ్చ కనపడితే అన్‌ఫిట్ రాస్తారు. ఆస్తి తాకట్టు పెట్టే ముందే ఊళ్లో ఒక ఎక్స్‌రే తీయించుకుంటే నష్టం లేదు.

వచ్చే డబ్బు, నిలిచే డబ్బు

భర్త ఒక్కడే ఉంటే నలుగురితో కలిసి గది తీసుకుని, వంతుల వారీగా వండుకుని, మిగిలింది ఇంటికి పంపుతాడు. కుటుంబం వెళ్లిన నెల నుంచి ఇంటికి వచ్చే డబ్బు సగానికి పడిపోతుంది. చాలామంది లెక్కలో వేసుకోనిది ఇదే. ఇక్కడ అప్పు వడ్డీ మాత్రం ఆగదు. అబ్బాసియా, ఫర్వానియా, మంగఫ్, సాల్మియా వంటి చోట్ల మనవారు ఎక్కువ. అక్కడ కుటుంబం ఉండదగ్గ ఇంటి అద్దె జీతంలో పెద్ద ముక్కను మింగేస్తుంది. దానిపైన తలకొక ఆరోగ్య బీమా, అకామా రుసుం, బడి ఫీజు, బస్సు ఫీజు, రెండేళ్లకోసారి అందరికీ విమాన టికెట్లు. భార్య కూడా ఏదో పని చేసి ఆదుకుంటుందిలే అనుకుంటే, 22వ ఆర్టికల్ మీద వెళ్లిన స్త్రీ నేరుగా పనిలో చేరడానికి లేదు. వేరే అనుమతి కావాలి. అనుమతి లేకుండా నాలుగిళ్లలో పని పట్టుకుని దొరికిపోతే మొగుడి అకామాకే ముప్పు.

సౌదీలో ఈ ఖర్చు ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ 2017 జూలై నుంచి విదేశీయుల కుటుంబ సభ్యుల మీద తలపన్ను వేశారు. నెలకు తలకు 100 రియాళ్లతో మొదలై, ఏటా వంద పెరుగుతూ 2020 నాటికి 400కు చేరింది. భార్య, ఇద్దరు బిడ్డలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. మన డబ్బులో మూడు లక్షలకు పైనే. ఆ పన్ను పడ్డ తర్వాత భార్యాబిడ్డలను ఊరికి పంపేసి మళ్లీ గదుల్లో చేరిన మగవారు వేలల్లో ఉన్నారు. దుబాయిలో హద్దు తక్కువ. 2019 నాటి మార్పు ప్రకారం నెలకు 4 వేల దిర్హాములు, లేదా 3 వేలతోపాటు కంపెనీ ఇల్లు ఉంటే సరిపోతుంది. అద్దెలే అక్కడ అసలు హద్దు.

బిడ్డల చదువు దగ్గర ఎక్కువ మంది చేతులు కాల్చుకుంటున్నారు. గల్ఫ్‌లో మనవారి బడుల్లో అధికం సీబీఎస్‌ఈ పాఠశాలలే. మధ్యలో చేరే పల్లె పిల్లవానికి ఇంగ్లీషు, హిందీ రెండూ కొత్త. తెలుగు రెండో భాషగా ఉందో లేదో ముందే కనుక్కోవాలి. మలయాళం, తమిళం దొరికినంత తేలిగ్గా తెలుగు దొరకదు. ఇది చిన్న తరగతుల చిక్కు, ఏడాదిలో సర్దుకుంటుంది. పెద్ద తరగతుల చిక్కు సర్దుకునేది కాదు. రాజ్యాంగం 371డి అధికరణం కింద మన రెండు రాష్ట్రాల్లో కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలన్నది సాధారణ సూత్రం. తెలంగాణలో వైద్య విద్యకు 2024లో ఇచ్చిన 33వ నంబరు జీవో దీన్నే పట్టుబట్టింది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దాన్ని సమర్థించింది. అంటే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు కువైట్‌లో చదివిన పిల్ల, తాత ముత్తాతలు ఈ మట్టిలోనే పుట్టినా, సీటు దగ్గరకొచ్చేసరికి పరాయిది కావచ్చు. బిడ్డ ఎనిమిదో తరగతికి వచ్చేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఒకటో రెండో తరగతి బిడ్డ అయితే ఈ బెంగ ఇప్పట్లో లేదు.

అక్కడే బిడ్డ పుడితే కువైట్ ఇచ్చే జనన పత్రంతో సరిపెట్టుకోరాదు. ఏడాదిలోగా మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించి పాస్‌పోర్టు తీసుకోవాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి దాకా పోవాల్సి వస్తుంది.

ఇంటికి తాళం వేస్తే

ఊళ్లో వదిలిపోయే వాటి సంగతి చివరికి గాని గుర్తు రాదు. పొలం కౌలుకిచ్చి పోయేవారు తమ్మునికో బావమరిదికో నోటిమాటగా అప్పజెబుతారు. అమ్మకం, సరిహద్దు తగాదా, సర్వే ఏదొచ్చినా నోటిమాట చెల్లదు. పోకముందే ఇక్కడ రిజిస్టరు పవరు రాసిస్తే ఖర్చు తక్కువ. కువైట్ నుంచి రాసి పంపాలంటే మన రాయబార కార్యాలయంలో సంతకం ధ్రువీకరించుకోవాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు వేయించాలి. ఎవరికి ఇస్తున్నామో, ఏ పనికి ఇస్తున్నామో పరిమితం చేయకుండా మొత్తం అధికారం రాసిచ్చి, తిరిగి వచ్చేసరికి పొలం చేయి దాటిపోయిన తగాదాలు కోర్టుల్లో కొల్లలు.

విదేశంలో స్థిరపడినవారు ఉన్న భూమిని, వారసత్వంగా వచ్చే భూమిని ఉంచుకోవచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. కువైట్ డబ్బుతో మామిడితోట కొందామనుకునేవారు ఇది తెలుసుకోవాలి. పీఎం కిసాన్ డబ్బుకూ వారు అర్హులు కారు. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వో ఖాతాగా మార్పించుకోవాలి. రేషన్ కార్డులో పేర్లున్న అందరూ వెళ్లిపోతే వేలిముద్ర వేసేవారుండరు, కార్డు పోతుంది.

అన్నిటికంటే బరువైనది ముసలివారు. కొడుకు, కోడలు, మనవలు పోయాక మిగిలేది ఇద్దరు ముసలివాళ్లు, కువైట్ డబ్బుతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. మెట్లెక్కలేక కింది గదిలోనే కాలం గడిపేవారు ప్రతి పల్లెలోనూ కనిపిస్తారు. ఆసుపత్రికి తోడు వెళ్లేదెవరో, రాత్రిపూట ఫోనెత్తేదెవరో పేరు పెట్టి ఏర్పాటు చేసుకోవాలి. కొడుకు మీద ఆధారపడ్డ తల్లిదండ్రులను అక్కడికి రప్పించుకోవడం భార్యాబిడ్డలను రప్పించడం కంటే కష్టం.

యుద్ధం మాట తలచుకోవడానికి ఎవరికీ ఇష్టం ఉండదు. కాని 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బై వేల మంది భారతీయులను విమానాల్లో తేవలసి వచ్చింది. చాలామంది కట్టుబట్టలతో వచ్చారు. బ్యాంకు కాగితం, జీతం కాగితం వెంట లేనివారు ఆ తర్వాత నష్టపరిహారం కోసం ఆధారాలు వెతుక్కున్నారు. 2025 జూన్‌లో ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు వేసిన రాత్రి కువైట్ ఆకాశం కూడా కాసేపు మూతపడింది. కుటుంబంతో ఉండేవారు అందరి పాస్‌పోర్టులు, అకామా, జనన పత్రాల నకళ్లు ఒక కట్ట ఊళ్లో కూడా ఉంచడం, అసలు పాస్‌పోర్టు కఫీల్ చేతికి ఇవ్వకుండా తమ దగ్గరే పెట్టుకోవడం మంచిది.

కాన్పుకనో, పరీక్షలకనో, ముసలివారి జబ్బుకనో భార్యాబిడ్డలు ఊరికి వచ్చినప్పుడు ఆరు నెలలు దాటకుండా తిరిగి కువైట్‌లో అడుగు పెట్టాలి. దాటితే అకామా రద్దు. మళ్లీ మొదటి నుంచి, ఆనాటికి ఉన్న జీతం హద్దు ప్రకారం దరఖాస్తు పెట్టుకోవాలి. 450 నాడు వెళ్లిన కుటుంబం ఏడో నెల తిరిగి బయలుదేరబోతే ఎదురయ్యేది 800.

బడి నుంచి బిడ్డల టీసీ తీసుకునే విషయంలోనూ తొందర పనికిరాదు. వీసా వచ్చేస్తోందని ఏజెంటు ఫోను చేయగానే టీసీ తీసేసుకుని, ముద్రల కోసం నెలలు ఎదురుచూసి, ఇక్కడి బడీ అక్కడి బడీ రెండూ లేక ఏడాది నష్టపోయిన పిల్లలున్నారు. పాస్‌పోర్టులో బిడ్డ పేరు, వీసాలో బిడ్డ పేరు అక్షరం అక్షరం సరిచూసుకున్న తర్వాతే హెడ్‌మాస్టరు దగ్గరికి పోవాలి.